కారు బయటి లైట్లు ఎల్‌ఈడీకి మార్చడం: డాష్‌బోర్డులో వార్నింగ్ రాకుండా చేసే పద్ధతి

ఎల్‌ఈడీ బల్బు కొన్నారు, పాతది తీసి పెట్టారు, వెలిగింది. తీరా ఇండికేటర్ వేస్తే టిక్... టిక్... అనాల్సింది టికటికటికమని పరుగు పెడుతోంది. లేదంటే డాష్‌బోర్డులో బల్బు బొమ్మ వచ్చి కూర్చుంది. "వెలుగుతూనే ఉందిగా, మరి పోయిందని కారు ఎందుకంటోంది?" అని అడగనివాళ్లు లేరు.

కారు వెలుగును చూడదు, బల్బు తీసుకునే కరెంటును చూస్తుంది. 21 వాట్ల మామూలు బల్బు దాదాపు రెండు ఆంపియర్లు తీసుకుంటుంది. దాని చోట పెట్టిన ఎల్‌ఈడీ పావు ఆంపియరు తీసుకుంటే గొప్ప. కారు లెక్కలో అది మాడిపోయిన బల్బే.

దీనికి మందు ఒకటి కాదు, నాలుగైదున్నాయి. మీ కారుకు ఏది పనికొస్తుందో తెలుసుకోకుండా బల్బులు కొనేయడం దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. అందుకే కింద ఇచ్చిన వరుసలో కొనడం నాలుగో మెట్టు దాకా రాదు.

ఏవి మార్చొచ్చు, ఏవి వద్దు

ఇక్కడ చెప్పేది ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు, టెయిల్ లైట్లు, ముందు పార్కింగ్ లైట్లు, రివర్స్ లైట్లు, నంబర్ ప్లేట్ లైట్ల గురించి. హెడ్‌లైట్లు ఇందులోకి రావు. హాలోజన్ హెడ్‌లైట్ రిఫ్లెక్టర్‌ను ఫిలమెంటు ఎక్కడ ఉంటుందో మిల్లీమీటర్లలో లెక్కగట్టి తయారుచేస్తారు. అక్కడ ఎల్‌ఈడీ చిప్పు కాస్త పక్కకు జరిగినా వెలుగు రోడ్డు మీద పడక ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. జర్మనీలో 2020 నుంచి కొన్ని హెచ్7 (ఇదొక హెడ్‌లైట్ బల్బు రకం) ఎల్‌ఈడీ బల్బులకు అనుమతి ఉన్నా, అది ఏ మోడల్ కారులో ఏ లైటుకో పేర్లతో సహా ఇచ్చిన జాబితా వరకే. వెలిగింది కదా అని పెట్టేసుకునే వస్తువు కాదది.

మిగతా లైట్లకు కూడా చట్టం ఉంది. చాలా దేశాల్లో లైటుకు ఇచ్చే ఆమోదం అందులో వాడాల్సిన బల్బు రకంతో ముడిపడి ఉంటుంది, వేరే రకం కనబడితే తనిఖీలో ఆపేయవచ్చు. మీరుండే చోట నిబంధన ఎలా ఉందో ముందే చూసుకోండి. కట్టుదిట్టంగా ఉంటే బల్బు మార్పు వదిలేసి, మీ మోడల్‌కు ఆమోదం ముద్రతో వచ్చే పూర్తి ఎల్‌ఈడీ లైటు దొరుకుతుందేమో వెతకండి. ఖర్చు ఎక్కువే, తలనొప్పి మాత్రం తక్కువ.

కావాల్సినవి

- మల్టీమీటర్. డీసీ కరెంటు 10 ఆంపియర్ల దాకా కొలవగలిగితే చాలు. డీసీ క్లాంప్ మీటర్ ఉంటే వైరు కోయకుండానే పని అవుతుంది.
- మీ కారు మాన్యువల్, లేదా లైటు హోల్డర్ మీద ముద్రించిన బల్బు పేరు.
- కారు ఫాల్ట్ కోడ్‌లు చదివే స్కానర్. 2000 తర్వాతి కార్లయితే ఇది ఉండి తీరాలి.
- రెసిస్టర్ల పద్ధతికి (పాత బల్బులా కరెంటు లాగి కారును నమ్మించే పద్ధతి): అల్యూమినియం ఒంటితో వచ్చే 50 వాట్ల రెసిస్టర్లు, వాటి స్క్రూలు, థర్మల్ పేస్టు, క్రింప్ కనెక్టర్లు, క్రింపింగ్ ప్లయర్, హీట్ ష్రింక్ గొట్టం.
- పాత బల్బులు. పారేయొద్దు, పరీక్షల్లో వాటితో చాలా అవసరం పడుతుంది.

1. బల్బు తీసి కారును అడగండి

ఒక్క రూపాయి ఖర్చు లేని పరీక్ష ఇది. అయినా దీన్ని చేసేవాళ్లు తక్కువ.

ఇంజన్ ఆన్ చేసి, లైట్లు వేసి, నంబర్ ప్లేట్ బల్బు ఒకటి ఊడదీయండి. ఒక నిమిషం ఆగండి. డాష్‌బోర్డులో ఏమీ రాకపోతే ఇగ్నిషన్ ఆపి, మళ్లీ వేసి చూడండి. కొన్ని కార్లు స్టార్ట్ అయ్యేటప్పుడే లైట్లను తడుముకుంటాయి, నడుస్తుండగా పట్టించుకోవు. అప్పటికీ ఏమీ రాలేదంటే ఆ లైటు మీద కారుకు నిఘా లేదు. అక్కడ ఏ ఎల్‌ఈడీ పెట్టినా గొడవ ఉండదు.

ఇదేవిధంగా టెయిల్, బ్రేక్, రివర్స్, పార్కింగ్ బల్బులను ఒక్కొక్కటిగా తీసి చూసి, కాగితం మీద రాసుకోండి: లైటు పేరు, వార్నింగ్ వచ్చిందా, ఎంతసేపటికి వచ్చింది. ఇండికేటర్‌కు వెనక బల్బు ఒకటి తీసి చూడండి, తర్వాత అది పెట్టేసి ముందుది తీయండి. రెండుసార్లూ వేగం పెరిగితే రెండు చోట్లా నిఘా ఉన్నట్టే.

2. కారు ఏ రకమో తేల్చుకోండి

*ఫ్లాషర్ రిలే (ఇండికేటర్‌ను వెలిగిస్తూ ఆర్పే చిన్న స్విచ్ డబ్బా) ఉన్నది.* ఇండికేటర్ వేసినప్పుడు టిక్‌టిక్ చప్పుడు స్పీకర్లోంచి కాకుండా ఫ్యూజ్ బాక్సు వైపు నుంచో, స్టీరింగ్ కింద నుంచో వస్తే ఈ రకమే. చప్పుడు వచ్చే రిలే మీద వేలు పెడితే కొట్టుకోవడం తెలుస్తుంది. దీన్ని సరిచేయడం అన్నిటికంటే సులువు.

*బాడీ కంట్రోల్ మాడ్యూల్ (లైట్లలాంటి వాటిని నడిపే కారులోని చిన్న కంప్యూటర్) చూసుకునేది.* లైటు వెలుగుతున్నప్పుడు కరెంటు కొలుస్తుంది. ఒక హద్దుకంటే తగ్గితే వార్నింగ్ ఇస్తుంది.

*లైటు ఆరి ఉన్నప్పుడు కూడా తడిమి చూసేది.* మాడ్యూల్ మధ్యమధ్యలో చిటికెడు కరెంటు పంపి ఫిలమెంటు ఉందా లేదా అని చూస్తుంది. చల్లగా ఉన్న 21 వాట్ల ఫిలమెంటు నిరోధం ఒక ఓమ్ కూడా ఉండదు, అందుకే ఆ చిటికెడు కరెంటు హాయిగా దాటిపోతుంది. ఎల్‌ఈడీకి కొన్ని వోల్టులు దాటితే గానీ కరెంటు పారదు. దాంతో తీగ తెగిందని మాడ్యూల్ అనుకుంటుంది. పైగా ఆ చిన్న తాకిడికే ఎల్‌ఈడీ మినుకుమినుకుమంటుంది. కారు తాళం వేసి వెళ్తుంటే టెయిల్ లైటు మిణుగురులా తళుక్కుమంటోందని కంగారు పడేది ఇక్కడే.

ఈ కార్లలో చాలావరకు ఇంకో సంగతి కూడా ఉంటుంది. బల్బుకు కరెంటును తిన్నగా ఇవ్వరు. సెకనుకు వందసార్ల చొప్పున ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజీని అదుపులో పెడతారు. ఫిలమెంటు చల్లారే లోపే మళ్లీ కరెంటు వస్తుంది కాబట్టి మామూలు బల్బులో తేడా తెలియదు. ఎల్‌ఈడీ మాత్రం ప్రతి ఆఫ్‌కూ ఆరిపోతుంది, కంటికి వణుకుగా కనిపిస్తుంది.

3. ఏ లైటుకు ఏ మందు

మీరు రాసుకున్న కాగితం ముందు పెట్టుకుని ఇలా తేల్చుకోండి.

నిఘా లేని లైటుకు ఏమీ అక్కర్లేదు. రిలే ఉన్న కారులో ఇండికేటర్లకు రిలే మార్చేయండి, రెసిస్టర్ల జోలికి వెళ్లొద్దు. మాడ్యూల్ ఉన్న కారులో సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ మార్చే వీలుంటే అదే మొదటి మార్గం, ఎందుకంటే వేడి ఉండదు, వైరు కోయక్కర్లేదు. ఆ వీలు లేనప్పుడు 5 వాట్ల చిన్న బల్బుల చోట లోపలే రెసిస్టర్ ఉన్న "క్యాన్‌బస్" రకం ఎల్‌ఈడీ చూడండి. రెసిస్టర్ చివరి మార్గం. ఇండికేటర్‌కు ఫర్వాలేదు. బ్రేక్ లైటుకు ఆలోచించి పెట్టాలి. రాత్రంతా వెలిగే టెయిల్ లైటుకు మాత్రం వీలైనంతవరకు వద్దు.

"క్యాన్‌బస్" అన్న పేరు చూసి మోసపోకండి. కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ వైర్లతో ఆ బల్బుకు సంబంధమే లేదు. లోపల ఒక రెసిస్టర్ పెట్టి కరెంటు వృథా చేస్తుంది, అంతే. టీ10 సైజు బల్బులో మూడు వాట్ల పైచిలుకు వేడి పుడితే పోవడానికి దారి ఉండదు, ప్లాస్టిక్ హోల్డర్ గోధుమరంగుకు తిరుగుతుంది. కొన్న వెంటనే పది నిమిషాలు వెలిగించి, ఆపి, వేలితో తాకండి. పట్టుకోలేనంత కాలితే వెనక్కి ఇచ్చేయండి.

4. ఇప్పుడు కొనండి

క్యాప్ (హోల్డర్‌లో దూరే బల్బు మొదలు) రకం సరిపోవాలి. 21 వాట్ల తెల్ల బల్బు పీ21డబ్ల్యూ క్యాప్ బీఏ15ఎస్, దాని రెండు ముల్లులు ఎదురెదురుగా ఉంటాయి. పసుపు ఇండికేటర్ బల్బు పీవై21డబ్ల్యూ క్యాప్ బీఏయూ15ఎస్, ముల్లులు 150 డిగ్రీల దగ్గర ఉంటాయి. తెల్లది పసుపుదాని చోట పెట్టకుండా ఉండడానికే అలా చేశారు. కాబట్టి ముల్లు గీకి దూర్చే పని పెట్టుకోకండి. బ్రేక్, టెయిల్ రెండూ ఒకే బల్బులో ఉంటే పీ21/5డబ్ల్యూ, క్యాప్ బీఏవై15డీ. దాని ముల్లులు ఎత్తుపల్లాలుగా ఉంటాయి. చిన్న గాజు మొదలు బల్బు డబ్ల్యూ5డబ్ల్యూ, దుకాణాల్లో టీ10 అంటారు. రెండు కొసలా టోపీలున్న నంబర్ ప్లేట్ బల్బు సీ5డబ్ల్యూ. ఇది 36 మిల్లీమీటర్లు ఉంటుంది. 39, 41 మిల్లీమీటర్లవి కూడా అమ్ముతారు, కొలిచి కొనండి.

రంగు: ఎర్ర గాజు వెనక ఎర్ర ఎల్‌ఈడీ, పసుపు గాజు వెనక పసుపు ఎల్‌ఈడీ. ఎర్ర గాజు వెనక తెల్లది పెడితే బ్రేక్ లైటు గులాబీరంగులో, నీరసంగా వెలుగుతుంది. తెల్ల ఎల్‌ఈడీలో నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. గాజు ఆ నీలాన్నంతా మింగేస్తుంది. ఫిలమెంటు వెలుగులో ఎరుపు దండిగా ఉండేది కాబట్టి ఇన్నాళ్లూ ఈ ఇబ్బంది తెలియలేదు.

చిప్పులు ఎక్కడున్నాయో చూడండి. రిఫ్లెక్టర్ లైటయితే చుట్టూ పక్కలకు వెలుగు చిమ్మే చిప్పులుండాలి, అవి పాత ఫిలమెంటు ఎత్తులోనే రావాలి. పాత, కొత్త బల్బులను పక్కపక్కన నిలబెట్టి చూస్తే చాలు. కొసన ఒక్క చిప్పే ఉన్నదాంట్లో లైటు మధ్యలో చుక్కలా వెలుగుతుంది, చుట్టూ చీకటి.

డబుల్ బల్బుల్లో టెయిల్ వెలుగుకు, బ్రేక్ వెలుగుకు తేడా కొట్టొచ్చినట్టు ఉండాలి. చవకబారు వాటిలో టెయిలే బాగా వెలిగి, బ్రేక్ వేసినా వెనకాలవాళ్లకు తేడా తెలియదు. ఈ ఒక్క లోపం ఉన్నా ఆ బల్బు వాడొద్దు.

మొదట ఒక్క జతే కొనండి. అది నెగ్గాకే మిగతావి.

5. ఒకటి పెట్టి, ఏ తగిలింపూ లేకుండా చూడండి

ఇగ్నిషన్ ఆపి బల్బు మార్చండి. టీ10, సీ5డబ్ల్యూ వెలగకపోతే కంగారు పడొద్దు, తిప్పి పెట్టండి. ఎల్‌ఈడీకి ప్లస్, మైనస్ ఉంటాయి. అన్ని బల్బుల్లో రెండువైపులా పనిచేసే ఏర్పాటు ఉండదు. బల్బు వదులుగా అనిపిస్తే దాని మొదట్లోని రెండు తీగలను కొద్దిగా ఎడంగా వంచండి.

7443, 3157 అనే బల్బు నంబర్ల సాకెట్లు ఉన్న కార్లలో ఒక ప్రమాదం ఉంది. ఇవే పేర్ల చివర "సీకే" అని ఉన్న మరో రకం ఉంది, దాని కాంటాక్టుల అమరిక వేరు. మామూలు రకానికి చేసిన ఎల్‌ఈడీని సీకే సాకెట్లో పెడితే షార్ట్ అయి ఫ్యూజ్ పోతుంది. పోయినప్పుడు పెద్ద ఫ్యూజ్ వేయడం పరిష్కారం కాదు, బల్బు మార్చడమే పరిష్కారం.

వార్నింగ్ రాలేదా? చాలా కార్లలో హద్దు అనుకున్నదానికంటే కిందే ఉంటుంది, కొన్ని ఎల్‌ఈడీలు దాన్ని దాటేస్తాయి. అలాంటప్పుడు ఇక్కడే ఆపి, సరాసరి చివరి పరీక్షలకు వెళ్లండి.

6. ఫ్లాషర్ రిలే మార్చడం (రిలే కార్లకు మాత్రమే)

పాత రిలే లాగి కాళ్లు లెక్కపెట్టండి. మూడు కాళ్లుంటే వాటి పక్కన బీ, ఎల్, ఈ అనో, 49, 49ఏ, 31 అనో ముద్రించి ఉంటుంది. బీ లేదా 49 అంటే బ్యాటరీ కరెంటు, ఎల్ లేదా 49ఏ అంటే లైట్లకు వెళ్లేది, ఈ లేదా 31 అంటే ఎర్త్ (కారు బాడీ ఇనుము, అంటే బ్యాటరీ మైనస్). కొత్త ఎల్‌ఈడీ ఫ్లాషర్ రిలేలో కాళ్ల వరుస సరిగ్గా అదే అయ్యుండాలి. సైజు సరిపోయి, సాకెట్లో కూర్చున్నంత మాత్రాన వరుస ఒకటే అనుకోవద్దు. సీఎఫ్13, సీఎఫ్14 రిలేల విషయంలో ఈ పొరపాటు తరచూ జరుగుతుంది.

రెండు కాళ్ల రిలే అయితే కొత్తదానికి విడిగా ఒక ఎర్త్ వైరు వస్తుంది. దాన్ని రంగు గీకిన ఇనుము మీద, బోల్టు కింద బిగించాలి.

మార్చాక ఎడమ ఇండికేటర్ వేస్తే నాలుగూ వెలుగుతున్నాయా? రిలే తప్పు కాదది. డాష్‌బోర్డులో రెండు వైపులకూ కలిపి ఒకే ఇండికేటర్ దీపం ఉన్న పాత కార్లలో ఆ దీపం ఎడమ, కుడి వైర్ల మధ్యన ఉంటుంది. ఎడమవైపు కరెంటు దాని గుండా కుడివైపు బల్బుల్లోకి వెళ్లి ఎర్త్ చేరుతుంది. ఫిలమెంట్లున్నంత కాలం అంత కొద్ది కరెంటుకు కుడివైపు వెలిగేది కాదు, ఎల్‌ఈడీకి మాత్రం అది చాలు. మందు: డాష్‌బోర్డు దీపం ఒక కొసను ఎర్త్‌కు కలపండి. రెండో కొసకు ఎడమ వైరు నుంచి ఒకటి, కుడి వైరు నుంచి ఒకటి చొప్పున రెండు 1ఎన్4007 డయోడ్లు పెట్టండి. డయోడ్ మీది వెండిరంగు గీత దీపం వైపు ఉండాలి.

7. రెసిస్టర్ పెట్టడం

తప్పులు ఎక్కువ జరిగేది, ప్రమాదం ఎక్కువ ఉండేది ఇక్కడే. నింపాదిగా చేయండి.

ముందు విలువ. అందరూ 21 వాట్ల బల్బుకు 6 ఓమ్‌లు అంటారు. వోల్టేజీని వోల్టేజీతో గుణించి, ఓమ్‌లతో భాగించి చూడండి: 13.5 వోల్టుల దగ్గర 6 ఓమ్‌ల రెసిస్టర్ 30 వాట్ల వేడి పుట్టిస్తుంది. అంటే పాత బల్బు కంటే ఎక్కువ. 10 ఓమ్‌లయితే 18 వాట్లు. చాలా కార్లకు 10 ఓమ్‌లే సరిపోతాయి. కాబట్టి 10తో మొదలుపెట్టి, వార్నింగ్ పోకపోతే 8, అప్పటికీ కాకపోతేనే 6 వాడండి. 5 వాట్ల బల్బు చోట 50 ఓమ్‌లు, 10 వాట్ల రేటింగ్ ఉన్నది చాలు, పుట్టే వేడి నాలుగు వాట్లు దాటదు.

రెసిస్టర్ మీద 50 వాట్లు అని ఉన్నది ఇనుము మీద బిగించినప్పటి మాట. గాలిలో వేలాడుతుంటే అంత తట్టుకోలేదు. బ్రేక్ మీద కాలుంచి ట్రాఫిక్‌లో అయిదు నిమిషాలు నిలబడితే 6 ఓమ్‌ల రెసిస్టర్ మరిగే నీళ్ల వేడిని దాటిపోతుంది. ఇండికేటర్‌కైతే సగం సేపు ఆరి ఉంటుంది కాబట్టి సగం వేడే. బ్రేక్ లైటుకు ఆలోచించి పెట్టమన్నది ఇందుకే.

తీగ ఎలా కలపాలి: రెసిస్టర్ బల్బుకు సమాంతరంగా ఉండాలి. ఒక తీగ బల్బుకు వచ్చే కరెంటు వైరుకు, రెండోది ఎర్త్ వైరుకు. రెసిస్టర్‌కు ప్లస్, మైనస్ లేవు, ఏది ఎటైనా ఒకటే. కరెంటు వైరు ఏదో తెలియడానికి మల్టీమీటర్ నల్ల కొస బాడీ ఇనుముకు ఆనించి, ఎర్ర కొసతో వైర్లను తాకండి. ఇండికేటర్ వేసినప్పుడు అంకె పైకీ కిందకీ ఊగే వైరే అది. డబుల్ బల్బు అయితే టెయిల్ వైరుకు ఒకటి, బ్రేక్ వైరుకు ఒకటి, వేర్వేరు రెసిస్టర్లు కావాలి. రెండింటి అవతలి కొసలూ ఎర్త్‌కే వెళ్లాలి. టెయిల్ వైరుకు, బ్రేక్ వైరుకు మధ్య రెసిస్టర్ పెట్టారంటే టెయిల్ వేసినప్పుడు బ్రేక్ లైటు కూడా మసకగా వెలుగుతుంది.

వైరు చర్మం కోసి లోపలికి కొరికే ప్లాస్టిక్ క్లిప్పులు వాడొద్దు. కొన్ని పోగులు తెగుతాయి, ఏడాది తిరిగేసరికి తేమకు పచ్చగా తుప్పు పడుతుంది. క్రింప్ కనెక్టర్, దానిమీద హీట్ ష్రింక్ వేయండి. రెసిస్టర్ పక్కనే టంకం వేయకండి, వేడికి మెత్తబడుతుంది. నల్ల టేపు జిగురు కూడా కరిగి జారిపోతుంది.

ఎక్కడ బిగించాలి: లైటు వెనక ఉన్న బాడీ ఇనుము మీద, అడుగున థర్మల్ పేస్టు రాసి, రెండు స్క్రూలతో. బంపర్ ప్లాస్టిక్, డిక్కీ లోపలి గుడ్డ, ఫోము, వైర్ల కట్ట, ఇవన్నీ కనీసం బెత్తెడు దూరంలో ఉండాలి. రెండువైపులా అంటుకునే టేపుతో అతికించి వదిలేస్తే మొదటి ఎండాకాలానికే ఊడి పడుతుంది. కొత్త చిల్లు వేసే ముందు వెనకాల ఏముందో చూడండి, వేశాక అంచుకు తుప్పు పట్టకుండా రంగు పూయండి. ఉన్న బోల్టుకు ఒక అల్యూమినియం పట్టీ బిగించి, దానిమీద రెసిస్టర్ పెట్టుకుంటే చిల్లే అక్కర్లేదు.

ఎన్ని కావాలి: రిలే కార్లలో ఇండికేటర్లకు రిలే మార్చితే చాలు, రెసిస్టర్ అక్కర్లేదు. మాడ్యూల్ కార్లలో ముందు, వెనక లైట్లకు వేర్వేరు దారులుంటాయి కాబట్టి మార్చిన ప్రతి బల్బుకూ ఒకటి కావాలి.

ఇంత చేశాక కరెంటు ఆదా అన్న మాటకు అర్థం లేదని మీకీపాటికి తోచే ఉంటుంది. నిజమే. రెసిస్టర్ పెట్టిన ఎల్‌ఈడీ వల్ల మిగిలేది చటుక్కున వెలగడం, రంగు, బల్బు మన్నిక మాత్రమే.

8. సెట్టింగ్ మార్చడం

ఫోక్స్‌వాగన్ గ్రూపు కార్లకు వీసీడీఎస్, బీఎండబ్ల్యూకు బిమ్మర్‌కోడ్, ఫోర్డ్‌కు ఫోర్‌స్కాన్ లాంటి పరికరాలతో లైటు నిఘాను ఆపే వీలు చాలా మోడళ్లలో ఉంటుంది. ఫోక్స్‌వాగన్ గ్రూపులో ఇది 09 నంబరు మాడ్యూల్‌లో ఉంటుంది. మీ మోడల్, సంవత్సరం, మాడ్యూల్ నంబరు మూడూ సరిపోయిన వివరం దొరికితేనే ముట్టుకోండి.

- ముందుగా ఇప్పుడున్న విలువలన్నీ ఫొటో తీసి పెట్టుకోండి. వెనక్కి రావడానికి అదొక్కటే దారి.
- బ్యాటరీకి చార్జర్ తగిలించండి. రాస్తుండగా వోల్టేజీ పడిపోతే మాడ్యూల్ మొరాయిస్తుంది.
- వెలిగినప్పుడు చూసే నిఘా, ఆరినప్పుడు చూసే నిఘా వేర్వేరు సెట్టింగులు. ఒకటే ఆపితే వార్నింగ్ పోయి మినుకు మిగలొచ్చు, లేదా మినుకు పోయి వార్నింగ్ మిగలొచ్చు. రెండూ చూసుకోండి.
- ఒకసారి ఒక్క లైటే మార్చండి. అన్నీ కలిపి మార్చి ఏదో తేడా వస్తే ఎక్కడ వచ్చిందో వెతకలేరు.

కొన్ని కార్లలో "బల్బు రకం: ఎల్‌ఈడీ" అని ఎంచుకునే వీలుంటుంది. ఫ్యాక్టరీ ఎల్‌ఈడీ లైటు కోసం పెట్టినది కాబట్టి వోల్టేజీ, మసక స్థాయి కూడా దాంతో పాటే మారిపోతాయి. మీ బల్బు మరీ మసకబారినా, మరీ మండినా కారణం ఇదే. అప్పుడు నిఘా మాత్రమే ఆపే సెట్టింగ్‌కు వెళ్లండి.

9. వణుకు, ఆరాక మిణుకు

వెలుగుతూ వణికితే కరెంటు ఆన్, ఆఫ్ పద్ధతి కారణం. లోపల కెపాసిటర్ (కరెంటును కాసేపు నిల్వ ఉంచేది) ఉన్న అడాప్టర్ వాడండి, రెసిస్టర్‌తో ఇది పోదు. కంటికి తెలియకపోతే చెయ్యి వేళ్లు చాపి లైటు ముందు గబగబా ఊపండి. వేళ్లు ముక్కలు ముక్కలుగా కనబడితే వణుకు ఉన్నట్టే. ఫోన్ కెమెరాను నమ్మొద్దు, బాగున్న లైటునూ వణికించి చూపుతుంది.

ఆర్పాక మసకగా వెలుగుతుంటే 1 కిలో ఓమ్, అర వాటు రెసిస్టర్ సమాంతరంగా పెట్టి చూడండి. ఇందులో వేడి దాదాపు ఉండదు. పోకపోతే 470 ఓమ్‌లు, 1 వాటుది. అప్పటికీ పోకపోతే ఆరినప్పటి నిఘాను సెట్టింగ్‌లో ఆపడమే.

పని అయ్యాక చూడాల్సినవి

1. ఇండికేటర్‌ను ఎడమ, కుడి విడివిడిగా వేసి, గడియారం పట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు వెలుగుతోందో లెక్కపెట్టండి. 60 నుంచి 120 మధ్య ఉండాలి. హజార్డ్ స్విచ్ వేసి చూసి సరిపెట్టుకోవద్దు. హజార్డ్‌లో చాలా కార్లు బల్బు లెక్క చూడవు.
2. టెయిల్ వెలుగుతుండగా ఎవరినైనా బ్రేక్ తొక్కమని, పది అడుగులు వెనక్కి నడిచి చూడండి. ఎర్రటి ఎండలో ఒకసారి, చీకట్లో ఒకసారి. తర్వాత కారు పక్కకు వచ్చి దాదాపు అడ్డంగా నిలబడి చూడండి. పాత బల్బు అక్కడికి కూడా కనిపించేది.
3. ఎడమ పాత బల్బు, కుడి ఎల్‌ఈడీ ఉంచి పక్కపక్కన పోల్చండి. ఎల్‌ఈడీ మసకగా కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి.
4. ఇగ్నిషన్ మూడుసార్లు వేసి ఆపి, స్కానర్‌తో కోడ్‌లు చదవండి. పాతవి చెరిపి, ఒకటి రెండు రోజులు నడిపాక మళ్లీ చదవండి.
5. హజార్డ్ పావుగంట వేసి ఉంచి రెసిస్టర్ దగ్గరకు చెయ్యి పోనివ్వండి, తాకొద్దు. కాలిన ప్లాస్టిక్ వాసన వస్తున్నా, దగ్గర్లోని వైరు మెత్తబడినా చోటు మార్చాలి. బ్రేక్ లైటుకు పెట్టి ఉంటే పెడల్ పదినిమిషాలు నొక్కి ఉంచి కూడా చూడండి.
6. రేడియోలో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న స్టేషన్ పెట్టి లైట్లు వేయండి. బరబరమంటే ఆ ఎల్‌ఈడీ లోపలి సర్క్యూట్ నాసిరకం. రిమోట్ తాళం దూరం తగ్గినా అదే కారణం.
7. క్రూజ్ కంట్రోల్ ఉంటే అది పనిచేస్తోందో లేదో చూడండి. కొన్ని పాత కార్లలో ఆ వ్యవస్థ బ్రేక్ బల్బు ఫిలమెంటు గుండా ఎర్త్ వెతుక్కుంటుంది. బ్రేక్ లైట్లన్నీ ఎల్‌ఈడీ చేస్తే క్రూజ్ మొండికేస్తుంది. ఒక్క బ్రేక్ బల్బును పాతదే ఉంచితే చాలు.

మంచు కురిసే చోట్ల ఇంకొకటి: ఫిలమెంటు వేడికి గాజు మీది మంచు కరిగేది, ఎల్‌ఈడీకి కరగదు. బయల్దేరే ముందు గాజు చేత్తో తుడవాలి.

నిఘా ఆపిన లైటు రేపు నిజంగా పోయినా కారు చెప్పదు. రెసిస్టర్ పెట్టినా అంతే, ఎల్‌ఈడీ చచ్చిపోయినా రెసిస్టర్ కరెంటు తీసుకుంటూనే ఉంటుంది, డాష్‌బోర్డు అంతా బాగుందనే అంటుంది. నెలకోసారి గోడకు దగ్గరగా వెనక్కి ఆపి, బ్రేక్, టెయిల్, రివర్స్, రెండువైపుల ఇండికేటర్లు వేసి గోడ మీది వెలుగు చూసుకోండి. పాత బల్బులను ఒక గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టుకోండి. ఎల్‌ఈడీ దారిలో పోతే అక్కడికక్కడే మార్చుకోవచ్చు. రెసిస్టర్ పెట్టిన చోట మాత్రం పాత బల్బు వేసే ముందు రెసిస్టర్ తీగను విడదీయండి, లేకపోతే ఆ వైరు మీద రెట్టింపు లోడ్ పడుతుంది.